ఎండని కొలవాలంటే ఏ సెన్సార్ కొనాలి? ఇస్కపల్లి రొయ్యల గుంటల దగ్గర నేను నేర్చుకున్నది

మా అక్కావాళ్ళకి అల్లూరు మండలంలో, ఇస్కపల్లి వైపు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. నాది కావలిలో రిపేరు షాపు. ఒకప్పుడు టీవీలు చేసేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా ఏరేటర్ల (గుంట నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) స్టార్టర్లు, ఇన్వర్టర్లు, ఇళ్ళ మీద సోలార్ పనులు. రెండేళ్ళ కిందట కార్తీకమాసం ముసురులో బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఇయ్యాల ఎండ ఎంత కాసిందో లెక్క చెప్పే మిషనేమైనా ఉందా?" అనడిగాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో అర్థం ఉంది. గుంటలో నీళ్ళకి పచ్చరంగు ఇచ్చే ప్లాంక్టన్ పగలంతా ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున పేరుకున్న మడ్డి, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా కిందికి పడుతుంది. వనామీ రకం రొయ్యకి అది 4 పీపీఎం కంటే తగ్గకుండా చూసుకోవాలి. వరసగా రెండు రోజులు మబ్బేసిందంటే పగలు కూడబెట్టుకున్నది తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. బావ దగ్గర డీవో మీటరు ఉంది, తెల్లవారుజామున నాలుక్కి లేచి చూస్తాడు. కానీ ఆ టైముకి తెలిసి లాభమేముంది? ఏరేటర్లు ఎన్నింటికి వేయాలో సాయంత్రమే తెలియాలి. ఊరికే ముందు నుంచీ తిప్పితే కరెంటు బిల్లు, ఆలస్యమైతే చెక్ ట్రేలో (మేత చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెం) చచ్చిన రొయ్యలు. "మబ్బుగా ఉంది" అంటే సరిపోదు, ఎంత మబ్బో తెలియాలి.

సరే చేద్దామన్నాను. చేసేలోపల మూడు సెన్సార్లు మార్చాను. ఆ డబ్బులు, ఆ తిప్పలు మీకు తప్పుతాయేమోనని ఇది రాస్తున్నాను.

మొదటిది బీహెచ్1750. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. నెలకోసారి పినాకిని ఎక్కి పోయి షాపుకి కావలసిన సామాను తెచ్చుకోవడం నాకు అలవాటు. "సార్, లైటు కొలిచేది కావాలి" అనగానే కౌంటర్లో అబ్బాయి తీసిచ్చింది ఇదే. చిన్న బోర్డు, చవక, ఆర్డుయినో, ఈఎస్పీ32 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకి నాలుగు వైర్లు కలిపితే వెలుగుని నేరుగా లక్స్ అనే కొలతలో చెబుతుంది. షాపులో బల్ల మీద భేషుగ్గా పనిచేసింది. చెయ్యి అడ్డం పెడితే తగ్గుతుంది, టార్చి కొడితే పెరుగుతుంది. తీసుకెళ్ళి గుంట గట్టు మీద గుంజకి బిగించాను.

వారం తర్వాత గ్రాఫు చూస్తే, పొద్దున తొమ్మిదిన్నర దాకా కొండెక్కినట్టు ఎక్కి, అక్కణ్ణుంచి మధ్యాహ్నం రెండున్నర దాటేదాకా బల్లపరుపుగా ఉంది. 54,612. ప్రతి రోజూ అదే అంకె. బావ చూసి, "ఏంది బామ్మర్దీ, సూర్యుడికి కూడా స్టెబిలైజరు పెట్టావా?" అన్నాడు.

ఆ అంకె వెనక కథ ఇదీ. ఆ చిప్పు లోపల లెక్క 16 బిట్లలో నడుస్తుంది, అంటే 65,535 దాకా లెక్కపెట్టి ఆగిపోతుంది. ఆ లెక్కని 1.2తో భాగిస్తే లక్స్ వస్తుంది. 65,535ని 1.2తో భాగించి చూడండి, సరిగ్గా 54,612. నా సెన్సారు ఐదు గంటలపాటు "నా వల్ల కాదు" అని చెబుతుంటే నేను దాన్ని ఎండ అనుకున్నాను. మీ గ్రాఫులో ఎక్కడైనా నెత్తి కోసేసినట్టు గీత కనపడితే ముందు సెన్సార్ గరిష్ఠం ఎంతో చూడండి. ప్రకృతిలో ఎండ ఎప్పుడూ గీత గీసినట్టు కాయదు.

(దీనికి మందు ఉంది. అందులో కొలిచే సమయాన్ని మార్చుకునే రిజిస్టరు ఒకటుంటుంది. మామూలుగా 69 ఉంటుంది, దాన్ని 31కి తగ్గిస్తే గరిష్ఠం 1,21,000 లక్స్ దాటుతుంది. ఇప్పటికే ఈ బోర్డు కొనేసి ఉంటే పారేయకండి, ఇది చేసి చూడండి.)

కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది ఎంత వెలుగు దాకా చూడగలదు? చదువుకునే గదిలో వెలుగు 300 నుంచి 500 లక్స్. బాగా మబ్బేసిన పగలు బయట పది, ఇరవై వేలు. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం నేరు ఎండలో లక్ష పైమాటే. అంగడిలో దొరికే చవక సెన్సార్లలో చాలా భాగం గదుల కోసం, ఫోన్ల కోసం, టీవీ తెరల కోసం పుట్టినవి. వాటికి మన ఎండ తెలియదు. టీఎస్ఎల్2561 దాదాపు 40,000 దగ్గర చేతులెత్తేస్తుంది. దాని తమ్ముడు టీఎస్ఎల్2591 చాలా సున్నితమైనది, చీకట్లో అద్భుతం, కానీ 88,000 దగ్గర ఆగిపోతుంది. వీఈఎంఎల్7700 దాదాపు 1,20,000 దాకా వెళుతుంది. అయితే గెయిన్‌ని (సెన్సార్ సున్నితత్వాన్ని) ఎనిమిదో వంతుకి, కొలిచే టైముని 25 మిల్లీసెకన్లకి తగ్గించి పెట్టాలి. అలా పెట్టాక ఎక్కువ వెలుగులో దాని అంకె తిన్నగా పెరగదు, కంపెనీ ఇచ్చిన దిద్దుబాటు సూత్రం వాడాలి. లైబ్రరీల్లో ఆ సూత్రం ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. మ్యాక్స్44009 అయితే 1,88,000 దాకా చదువుతుంది, గెయిన్ తనే మార్చుకుంటుంది, ఒక మైక్రో ఆంప్ కూడా తినదు. బ్యాటరీ మీద నడిపేవాళ్ళకి, లక్స్ చాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అంగట్లో జీవై-49 అనే బోర్డుగా దొరుకుతుంది.

ఎల్‌డీఆర్ సంగతి అడుగుతారని తెలుసు. ఒక టీ ఖర్చుకి రెండొస్తాయి. పొద్దుగూకగానే వీధి లైటు దానంతటది వెలగడానికి దానికి మించింది లేదు. ఎండ కొలవడానికి మాత్రం వద్దు. మిట్ట మధ్యాహ్నానికీ పదకొండింటికీ తేడా చెప్పలేదు, నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పదు. ఫోన్లో లక్స్ యాప్ కూడా అంతే. ఒక్కో ఫోన్లో ఒక్కో సెన్సారు, అది తెర వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ పెట్టింది.

ఇక రెండో ప్రశ్న. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే, నేను అడగడం మరిచిపోయిందీ ఇదే: ఈ ఎండ ఎవరికి?

లక్స్ అంటే మనిషి కంటికి కనపడే వెలుగు లెక్క. వెలుగు రంగుని నానోమీటర్లలో చెబుతారు. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర బాగా చూస్తుంది. ఎరుపు, నీలం తక్కువ, ఇన్‌ఫ్రారెడ్ అసలు కనపడదు. లక్స్ సెన్సార్లన్నీ ఈ కంటిని అనుకరిస్తాయి. మరి గుంటలో ప్లాంక్టన్‌కి మన కన్నుందా? దానికి కావలసింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు, అందులో ఎరుపూ నీలమూ బాగా పనికొస్తాయి. దాన్ని పార్ అంటారు, చదరపు మీటరుకి సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ అని కొలుస్తారు. మేడ మీద సోలార్ పలక ఇంకో రకం. సిలికాన్ కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌లో 1100 దాకా తింటుంది, 900 దగ్గర దానికి మహా ఆకలి. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో నీళ్ళకి ఈ తేడాలేవీ పట్టవు, ఏ వేడి వచ్చినా ఆవిరే.

అందుకని నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎవరైనా నన్ను "ఎండ సెన్సార్ ఏది మంచిది" అనడిగితే ముందు వాళ్ళ పనేంటో అడుగుతాను.

కందుకూరు దగ్గర పొగాకు నారు ట్రేల్లో పెంచే ఒకాయన షేడ్ నెట్ గురించి అడిగాడు. యాభై శాతం నెట్ అని అమ్మారట, నిజమో కాదో చూడాలట. దీనికి పెద్ద సెన్సార్ అక్కరలేదు. ఒకే సెన్సార్‌ని నెట్ బయట ఒకసారి, లోపల ఒకసారి, వెంటవెంటనే పెట్టి చూస్తే నిష్పత్తి తెలుస్తుంది. లక్స్‌దైనా సరిపోతుంది. కాకపోతే నెట్ నల్లదైతేనే. నలుపు అన్ని రంగుల్నీ ఒకేలా ఆపుతుంది. ఆకుపచ్చ నెట్ అయితే లోపలికి పచ్చ వెలుగు ఎక్కువగా జారుతుంది, లక్స్ సెన్సార్ సరిగ్గా ఆ పచ్చనే ఎక్కువ లెక్కేసి "బాగానే ఉంది" అంటుంది. ఆ పచ్చ వల్ల నారుకి అంత లాభం ఉండదు. ఆయనది ఆకుపచ్చ నెట్టే. అందుకే పార్ సెన్సార్ ఉన్నవాళ్ళ దగ్గర ఒక పూటకి అరువు తెచ్చుకోమన్నాను. బయట నేరు ఎండలో మాత్రం లక్స్‌ని 54తో భాగిస్తే పార్ దాదాపుగా వస్తుంది. 1,08,000 లక్స్ అంటే 2,000 మైక్రోమోల్స్. ఎల్ఈడీ దీపాల కింద, నెట్ల కింద ఈ లెక్క నడవదు.

ఉప్పు కొఠారు వాళ్ళకి మొహమాటం లేకుండా "కొనకండి" అని చెప్పాను. వాళ్ళకి న్యాయంగా కావలసింది థర్మోపైల్ పైరనోమీటరు. గాజు బుడగ కింద నల్లటి పలక ఉండి, అది ఎంత వేడెక్కిందో చూసి చెబుతుంది. దాదాపు 300 నుంచి 2800 నానోమీటర్ల దాకా అంతా ఒకేలా చూస్తుంది. ఐఎస్ఓ 9060 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏ, బీ, సీ అని మూడు తరగతులుంటాయి. మంచివి లక్ష రూపాయలు దాటతాయి. ఒక చదరపు మీటరులో ఒక మిల్లీమీటరు నీరు ఆవిరి కావడానికి 0.68 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిటే) వేడి కావాలి, రోజుకి 6 యూనిట్ల ఎండ పడితే అంతా ఆవిరికే పోయినా 9 మిల్లీమీటర్లకి లోపే. దానికి తోడు గాలి, తేమ కూడా తమ పని చేస్తాయి. మడిలో స్కేలు పాతి నీరు ఎంత దిగిందో చూస్తే ఇవన్నీ కలిపిన లెక్క ఊరికే వస్తుంది.

సోలార్ పలకల వాళ్ళ సంగతి వేరు. 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక మా వీధిలోనే చాలా మేడల మీద పలకలెక్కాయి. "మూడు కిలోవాట్లన్నారు, పన్నెండింటికి రెండు కూడా రావడం లేదు" అని వారానికొకరైనా ఫోన్ చేస్తారు. తప్పు పలకదా, ఎండదా? దానికి కావలసింది పలక మాదిరే చూసే కన్ను, అంటే సిలికాన్ సెన్సార్. పలక ఎంత వాలుగా ఉంటే సెన్సార్ కూడా అంతే వాలుగా, దాని పక్కనే బిగించాలి. సెన్సార్ చదరపు మీటరుకి 700 వాట్లు చెబుతోందనుకోండి, మూడు కిలోవాట్ల పలకలు 2.1 దగ్గర ఉండాలి, వేడికీ దుమ్ముకీ వైర్లకీ ఓ పాతిక శాతం దాకా తీసేస్తే 1.6 దగ్గరో, పైనో కనపడాలి. కనపడితే తప్పు మబ్బుది. ఇక్కడ లక్స్ సెన్సార్ పెట్టి లెక్క కట్టడం నాకు నచ్చదు. నేరు ఎండలో 1,000 వాట్లకి సుమారు 1,10,000 నుంచి 1,20,000 లక్స్ అని ఒక మారకం ఉంది గానీ, ఉదయం సాయంత్రం రంగు మారినప్పుడు, తడి మబ్బు కమ్మినప్పుడు అది జారిపోతుంది.

మరి గుంటకి? న్యాయంగా పార్ సెన్సార్. దాని ధర చూసి బావ మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. మాకు కావలసింది సైన్సు పేపరు కాదు. నిన్నటి మీద ఇవాళ ఎంత తగ్గింది, మంచి ఎండ రోజుతో పోలిస్తే సగమా, పావా. దానికి రోజూ ఒకేలా చెప్పేది, ఎండలో మునగనిది, ఉప్పుగాలికి నిలిచేది ఉంటే చాలు. నెట్ల కింద కాదు కాబట్టి సిలికాన్ చూసేదానికీ ప్లాంక్టన్ తినేదానికీ ఉండే తేడా మా లెక్కకి అడ్డం రాదు. అలా సిలికాన్ దగ్గరికి వచ్చాం.

సిలికాన్‌లో రెండు దారులున్నాయి. బీపీడబ్ల్యూ34 లాంటి ఫొటోడయోడ్ ఒకటి, చిన్న సోలార్ సెల్లు రెండోది. ఫొటోడయోడ్ నుంచి నేరు ఎండలో రెండు మిల్లీ ఆంప్స్ అటూ ఇటూ వస్తుంది. 47 ఓమ్‌ల రెసిస్టరు వేస్తే పదో వంతు వోల్టు, కొలవడానికి చాలు. సోలార్ సెల్లు ఇంకా బండది. కరెంటు ఎక్కువ వస్తుంది కాబట్టి వైరులో గోల పట్టించుకోదు. నేను సెల్లే వాడాను.

ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది, దీన్ని కాస్త నిదానంగా చదవండి. సోలార్ సెల్లుకి మల్టీమీటరు పెట్టి వోల్టేజి చూస్తారు. అది ఎండని చెప్పదు. పొద్దున ఎనిమిదింటికే దాదాపు పూర్తి వోల్టేజి వచ్చేస్తుంది, మధ్యాహ్నానికి సెల్లు వేడెక్కి ఇంకా తగ్గుతుంది కూడా. డిగ్రీకి 0.3 శాతం లెక్కన 25 నుంచి 60 డిగ్రీలకి పోతే పది శాతం గల్లంతు. ఎండకి తగ్గట్టు తిన్నగా పెరిగేది షార్ట్ సర్క్యూట్ కరెంటు. ఎండ సగమైతే అది సగం. వేడికి మారేది డిగ్రీకి 0.05 శాతమే, అదే 35 డిగ్రీల తేడాకి రెండు శాతం కూడా కాదు. కాబట్టి సెల్లు రెండు కొసల మధ్య చిన్న రెసిస్టరు వేసి దాని మీద వోల్టేజి కొలవాలి. ఒక్క సెల్లయితే ఆ వోల్టేజి పూర్తి ఎండలో కూడా 0.1 వోల్టు దాటకుండా రెసిస్టరు ఎంచుకోండి. 100 మిల్లీ ఆంప్స్ ఇచ్చే సెల్లుకి ఒక ఓమ్ సరిపోతుంది. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టరు అడగండి, పాతకాలం కార్బన్‌ది వద్దు.

అంగట్లో ఆరు వోల్టుల బొమ్మ ప్యానెళ్ళు దొరుకుతాయి. అవి పన్నెండు ముక్కలు వరసగా అతికినవి. ఒక ముక్క మీద కాకి రెట్ట పడిందంటే మొత్తం కరెంటు పడిపోతుంది. పైగా చాలావాటికి పైన ఎపాక్సీ పోత ఉంటుంది, మన ఎండకి ఒక్క వేసవిలో పసుపు తిరుగుతుంది. నా రెండో సెన్సార్ అలాగే పోయింది. మే నెలలో "ఎండ తగ్గుతోందే" అని ఆశ్చర్యపోయి పైకెక్కి చూస్తే, ప్యానెల్ ఆవకాయ నూనె పూసినట్టుంది. అందుకని ఒకే సెల్లు, పైన గాజు ఉన్నది వెతకండి. గాజు పసుపెక్కదు.

ఆ చిన్న వోల్టేజిని చదవడానికి ఆర్డుయినో ఊనో సొంత కొలత చాలదు, దాని ఒక్కో మెట్టు దాదాపు 5 మిల్లీవోల్టులు. మొత్తం 100 మిల్లీవోల్టులుంటే ఇరవై మెట్లలో ఎండ అంతా చెప్పాలి. ఈఎస్పీ32 అయితే అంత తక్కువ వోల్టేజిని సరిగ్గా చూడనే చూడదు. చిన్న వోల్టేజిని అంకెగా మార్చే ఏడీఎస్1115 అనే బోర్డు పెట్టండి. గెయిన్ 16లో ఒక్కో మెట్టు 7.8 మైక్రోవోల్టులు, మీ సెల్లు ఎంత చిన్నదైనా దిగులుండదు.

వైరు గురించి ఒక్క మాట. మొదట నేను సెన్సార్‌ని గట్టు మీద, బోర్డుని పది మీటర్ల దూరంలో మోటారు షెడ్డులో పెట్టాను. సెన్సార్‌ని బోర్డుకి కలిపే ఐ-టు-సి వైర్లు అంత దూరం పోవు. పగలు పనిచేస్తుంది, ఏరేటర్లు ఆన్ చేయగానే చచ్చిపోతుంది. రెండు రోజులు ప్రోగ్రాములో తప్పు వెతికాను, సిగ్గుచేటు. చదివే బోర్డుని కూడా గుంజ మీదే సెన్సార్ పక్కన పెట్టి, అక్కణ్ణుంచి ఆర్‌ఎస్485లోనో వైఫైలోనో పంపండి. ఆర్‌ఎస్485 అనేది దూరానికి సిగ్నల్ పంపే వైరు పద్ధతి, కిలోమీటరు దాకా మోస్తుంది. రెడీమేడ్ సిలికాన్ పైరనోమీటర్లు చాలావరకు ఆర్‌ఎస్485తోనే వస్తున్నాయి. చేతిపని ఇష్టం లేనివాళ్ళు అవే కొనుక్కోవచ్చు, తప్పేం లేదు.

పక్కవాటు ఎండ ఇంకో సమస్య. నెత్తిన ఉన్న ఎండ 100 అయితే, అదే ఎండ 60 డిగ్రీలు పక్కకి వాలితే నేల మీద పడేది సరిగ్గా సగం. సెన్సార్ కూడా సగమే చెప్పాలి. బల్లపరుపు గాజు, బొమ్మ ప్యానెళ్ళు పక్క వెలుగుని వెనక్కి కొట్టేస్తాయి, పొద్దున సాయంత్రం తక్కువ చెబుతాయి. లెన్సు బుడగ ఉన్నవి అటో ఇటో తప్పుతాయి. మీ సెన్సార్ ఎలాంటిదో ఇంట్లోనే చూడొచ్చు. రాత్రి లైట్లన్నీ తీసేసి, టార్చిని ఒక మీటరు దూరంలో కదలకుండా కట్టి, పిల్లల కంపాస్ బాక్సులో కోణమానిని పక్కన పెట్టుకుని సెన్సార్‌ని వంచుతూ పోండి. తిన్నగా 100 వస్తే, 30 డిగ్రీల దగ్గర 87, 60 దగ్గర 50, 80 దగ్గర 17 రావాలి. మా ఇంట్లో ఇది చేస్తుంటే మా ఆవిడ కరెంటు పోయిందనుకుని పక్కింటికి పోయి అడిగొచ్చింది.

తేడా ఎక్కువుంటే పైన వెలుగుని చెదరగొట్టే తెల్ల పొర వేయాలి. ఎన్నో చూశాను, మాత్రల డబ్బా మూత, పాల ప్యాకెట్టు కవరు, టిష్యూ. అన్నీ ఎండకి పెళుసెక్కిపోయాయి. నిలిచింది ప్లంబర్లు పైపు మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు. నాలుగైదు పొరలు సాగదీయకుండా పరిచి గాజు కింద బిగించాను. టెఫ్లాన్ ఎండకి రంగు మారదు. పొర వేస్తే వెలుగు తగ్గుతుంది కాబట్టి, కాలిబ్రేషన్ (అంకెలు సరిచూసి దిద్దుకోవడం) ఏదైనా అది వేసిన తర్వాతే చేయాలి. లక్స్ సెన్సార్లకి ఈ పొర ఇంకో మేలు చేస్తుంది, గరిష్ఠం చేరకుండా కాపాడుతుంది. బీహెచ్1750ని కూడా ఇలా బతికించొచ్చు.

బిగించేటప్పుడు తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి. కంటి అంచనా వద్దు. గుంజ దక్షిణానికి కాస్త వాలినా డిసెంబరులో ఎండ ఎక్కువ చూపిస్తుంది, ఆ నెలలో మనకి మధ్యాహ్నం సూర్యుడు 54 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. పక్షుల్ని తోలడానికి గుంటల మీద దారాలు కడతారు కదా, వాటి నీడ పడకుండా చూసుకోండి. కొంగలకి గుంజ కొస అంటే ప్రాణం. సెన్సార్ చుట్టూ, దానికంటే కింది ఎత్తులో, నాలుగు సైకిల్ పుల్లలు ఏటవాలుగా బయటికి గుచ్చాను. అప్పట్నుంచి పక్క గుంజ మీద వాలుతున్నాయి.

సముద్రం గాలి లోహాన్ని ఎలా తింటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కరలేదు. బోర్డుకి కోటింగ్ వేసి, డబ్బా సందుల్లో సిలికాన్ పూయాలి. అంగట్లో దొరికే సిలికాన్ ట్యూబుల్లో పులుపు వాసన, అచ్చం వెనిగర్ వాసన వచ్చేది కొనకండి. ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. మూడో సెన్సార్ పోయింది నా చేతి వల్లే, ఆ ట్యూబు వల్లే. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. గాజు మీద ఉప్పు పొర పేరుకుంటుంది, మంచినీళ్ళ గుడ్డతో వారానికోసారి తుడవాలి. మా అక్క ఆ పని తీసుకుంది.

ఇక అంకెలకి అర్థం తేవడం. మీ సెల్లు పూర్తి ఎండలో 83 మిల్లీవోల్టులు ఇచ్చిందనుకోండి, అది ఎన్ని వాట్లు? సోలార్ బిగించేవాళ్ళ దగ్గర చేతిలో పట్టుకునే ఎండ మీటరు ఉంటుంది. ఒక పూట అరువడిగి, మబ్బులేని రోజు పది నుంచి రెండు దాకా, పావుగంటకోసారి రెండూ పక్కపక్కన సమంగా పెట్టి రాసుకోండి. వాట్లని మిల్లీవోల్టులతో భాగిస్తే వచ్చే అంకె దాదాపు మారకుండా ఉండాలి. అదే మీ గుణకం. మబ్బులు తిరిగే రోజు చేయకండి. మబ్బు అంచు మీద నుంచి వెలుగు కొట్టినప్పుడు కొన్ని నిమిషాలు 1,000 దాటి 1,200 కూడా చూపిస్తుంది, మీటరు పాడైందని టెన్షన్ పడతారు. మీటరు దొరక్కపోతే మార్చి నెల తేటగా ఉన్న నడిమధ్యాహ్నాన్ని 950 అనుకుని మొదలుపెట్టండి, పది శాతం తప్పుతో బతకొచ్చు.

పది సెకన్లకోసారి చదివి, ఐదు నిమిషాల సగటు దాచుకోండి. ఒక్కో సగటుని పన్నెండుతో భాగించి రోజంతా కలిపితే ఆ రోజు ఎండ యూనిట్లలో వస్తుంది. వాట్లలో కాబట్టి చివర వెయ్యితో భాగించాలి. మన దగ్గర మంచి ఎండ రోజు ఆరు, ఆరున్నర. ముసురు రోజు ఒకటిన్నర కూడా చూశాను. మీ లెక్క దారిలో ఉందో లేదో తెలియాలంటే నాసా పవర్ అని ఒక సైటుంది, అక్షాంశ రేఖాంశాలిస్తే ఏ ఊరికైనా రోజువారీ సౌరశక్తి ఉచితంగా ఇస్తుంది. నెల మొత్తం పోల్చి చూసుకోండి, ఒక్కో రోజు మాత్రం కలవదు. అది చాలా పెద్ద ప్రాంతానికి సగటు, మీ గుంట మీది మబ్బు దానికి తెలియదు.

బావ పద్ధతి ఇప్పుడు ఇలా ఉంది. సాయంత్రం ఐదున్నరకి ఫోన్లో అంకె చూస్తాడు. నాలుగు యూనిట్లు దాటితే మామూలు టైముకే ఏరేటర్లు. మూడు లోపయితే రెండు గంటలు ముందు. వరసగా రెండో రోజు కూడా మూడు లోపయితే మేత తగ్గించి, రాత్రి పన్నెండింటికి కూడా డీవో చూస్తాడు. ఈ గీతలు ఆ నాలుగు గుంటలవి, మీ గుంట లోతు, బ్లూమ్ (ప్లాంక్టన్ పచ్చదనం), సీడు ఎంత వేశారన్నదాన్ని బట్టి మీవి మీరే గీసుకోవాలి. డీవో మీటరుని అటక మీద పెట్టేయకండి, ఈ సెన్సార్ నీళ్ళలోకి తొంగిచూడదు.

ఏడాదికొకసారి మళ్ళీ సరిచూడాలి. దానికి నేను ఏప్రిల్ చివరి రోజులు పెట్టుకున్నాను. నెల్లూరు, ఇస్కపల్లి వైపు 29, 30 తేదీల ప్రాంతంలో, ఒంగోలులో మే 2, 3 చుట్టుపక్కల, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన ఏడెనిమిది నిమిషాలకి గుంజకి నీడ ఉండదు. ఆ క్షణంలో వాలు తప్పూ, పక్కవాటు తప్పూ రెండూ దాదాపు సున్నా, మిగిలేది గుణకం ఒక్కటే. మొన్న ఏప్రిల్లో అరువు మీటరుతో పోల్చితే మూడు శాతం తగ్గింది. గాజు విప్పి టేపు మార్చాను, ఒక శాతానికి వచ్చింది. ఆ మిగిలిన ఒక్క శాతం ఎక్కడ పోతోందో వెతుకుదామంటే, "నీడ కూడా లేదు బామ్మర్దీ, ఇంటికి పోయి అన్నం తిందాం పా" అని బావ నిచ్చెన తీసేశాడు.